ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు

మా అక్క పన్నెండేళ్ళుగా ఆసుపత్రిలో ఆయా. నర్సు కావాలని ఆమె కోరిక. శిక్షణకు దరఖాస్తు చేసుకోవడానికి వయసు రీత్యా ఇదే ఆఖరి ఏడాది. ఫలానా ఏడాది జులై ఒకటిన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే అర్హులన్నారు. అక్క పుట్టింది సరిగ్గా ఆ ఒకటో తారీఖునే. దరఖాస్తులు తీసుకునే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. అందులో తేదీల పని నాది.

గడువు ముగిసే రోజు ఉదయం ఫోన్ చేసింది.

"వయసు దాటిపోయిందంటోందే ఇది."

"కళ్ళజోడు పెట్టుకుని చూడు. ఏడాది తప్పు కొట్టుంటావు."

"పెట్టుకునే కొట్టాను. నా పుట్టినరోజు నాకు తెలీదా?"

"యంత్రానికి నీ మీద పగేముంటుందక్కా?" అని పెట్టేశాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

గంటలో అక్కే వచ్చేసింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. పుట్టిన తేదీ పత్రం నా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. తన తప్పు చూపించి పంపేద్దామని ఆమె దరఖాస్తు తెరిచాను. తెర మీద జులై ఒకటి అనే ఉంది. లోపల సర్వర్ తిరిగి పంపిన తేదీ చూస్తే జూన్ ముప్పై.

పుట్టినరోజుకు గంటలతో పనేముంది? నేనేమో ప్రతి తేదీకీ అర్ధరాత్రి పన్నెండు అని తగిలించాను. ఇక్కడ ఒకటో తారీఖు మొదలయ్యేసరికి, విదేశీ సమయంతో నడిచే సర్వర్ గడియారంలో ఇంకా ముందురోజు సాయంత్రమే. అర్హత చూసే చోట ఆ ముందురోజే లెక్కకొచ్చింది. రాసినప్పుడు నా పుట్టినరోజు పెట్టి పరీక్షించి, బాగుందనుకున్నాను. నాది పదిహేడు. ఒకరోజు జరిగినా నెల మధ్యలో ఎవరికి తెలుస్తుంది?

"తప్పు నాదే అక్కా," అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. "నీ దరఖాస్తు ఒక్కటీ చేత్తో మార్చేస్తాను. రెండు నిమిషాల పని."

"మరి మిగతావాళ్ళు?"

"ఎవరు?"

"ఆ రోజు భూమ్మీద నేనొక్కదాన్నే పుట్టానా ఏంటే?"

వెతికాను. ఇలా తిరస్కరణకు గురైనవాళ్ళు అక్కతో కలిపి ముప్పై ఒక్కమంది. మిగతా ముప్పైమందిలో ఎవరికీ ఈ కంపెనీలో చెల్లెలు లేదు.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎవరు రాశారిది?"

"నేనే సార్."

"తిట్లు రేపు తిందువుగాని. ముందు దిద్దు."

పుట్టినరోజుకు తగిలించిన గంటలు పీకేశాను. ఏ దేశపు గడియారమూ ఇక దాన్ని కదపలేదు. ఈసారి నెల మొదటి రోజు, చివరి రోజు, ఏడాది చివరి రోజు, అన్నీ పెట్టి చూశాను. మేనేజర్ శిక్షణాలయం వాళ్ళతో మాట్లాడి, ఆ ముప్పై ఒక్కమందికీ మూడు రోజుల గడువు ఇప్పించాడు. అందరికీ క్షమాపణ కబురు నేనే పంపాను.

ప్రవేశ పరీక్ష నాడు ఆలస్యంగా చేరిన వాళ్ళందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారట. బయటికొచ్చిన అక్క ముఖం వెలిగిపోతోంది.

"ఎలా రాశావు?"

"బాగానే రాశాను. ఇరవై తొమ్మిదిమందిమి వచ్చామే. పేపరిచ్చే ఆవిడ తేదీలు చూసి, అందరూ ఒక్కరోజే పుట్టారేంటని ఆశ్చర్యపోయింది."

రాని ఆ ఇద్దరికీ మర్నాడు ఫోన్ చేశాను. ఒకామెకు వేరే ఉద్యోగం దొరికిందట. రెండో ఆమె మాత్రం కబురు అబద్ధమనుకుని చెరిపేసిందట. ఆమె పేరు కాగితం మీద రాసుకుని, మేనేజర్ గది తలుపు మళ్ళీ తట్టాను.