చేతులు లేని గౌను

ఏడేళ్ల కూతురు పడుకునేటప్పుడు వేసుకునే చొక్కాలకి తల్లి చేతుల చివర్లు మూసి కుట్టేది. లేకపోతే నిద్రలో మోచేతి మడతలు రక్తం వచ్చేదాకా గోకేసుకుంటుంది. పొద్దున దుప్పటి దులిపితే తెల్లటి పొట్టు రాలేది.

"పూతమందులన్నీ వాడి చూశాం," అంది డాక్టరు. "రోగాలతో పోరాడాల్సిన శక్తే దారితప్పి పాప చర్మం మీద పడుతోంది. ఈ మాత్ర దాన్ని అణిచిపెడుతుంది. వారానికి ఒక్కటే, బుధవారం. రక్తపరీక్షలు తప్పవు. మూడు నెలలు ఓపిక పట్టండి."

తల్లి పనిచేసేది దర్జీ దుకాణంలో. ఆ వారమే లేతనీలం గుడ్డ కత్తిరించి, పాప ఎప్పటినుంచో అడుగుతున్న చేతులు లేని గౌను కుట్టింది. మూడు నెలలకే కదా అని, లోపల అదనపు గుడ్డ వదల్లేదు. పాప దాన్ని మేకుకి తగిలించి రోజూ చూసుకునేది.

తల్లి పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది కాబట్టి మాత్ర వేసే పని అత్తగారిది. పరీక్షకి వెళ్లినప్పుడల్లా పుండు లేని చోటు వెతకడానికే నర్సుకి చాలాసేపు పట్టేది. పాప ఏడవకుండా చెయ్యి చాపేది.

మూడు నెలలయ్యాక డాక్టరు కాగితాలు తిరగేసింది. "రక్తం బాగుంది. చర్మంలోనే మార్పు లేదు. మోతాదు పెంచుదాం."

"పెద్ద మాత్రయితే నాయనమ్మ కళ్లజోడు పెట్టెలో పట్టదేమో," అంది పాప.

డాక్టరు కలం ఆగింది.

ఇంటికొచ్చి తల్లి ఆ పెట్టె తెరిచింది. తుడిచే గుడ్డ కింద పన్నెండు మాత్రలు.

"ఏంటత్తయ్యా ఇది?"

"ఒంట్లో శక్తిని చంపే మందట. మా చిన్నబ్బాయి మందుతో వచ్చిన చీటీ చదివి చెప్పాడు. పసిదాని నోట్లో నా చేత్తో ఎలా వెయ్యను?"

"నాతో ఒక్కమాట అనొచ్చుగా."

"అంటే వినే దానివేనా?"

"ఊరికే సూదులు పొడిపించుకుంది అది. మూడు నెలలు."

"నేనేం పారేయలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి, చూసుకో."

పాత మోతాదే మళ్లీ మొదటినుంచి. బుధవారం పాపని దుకాణానికి తీసుకెళ్లి, గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టి తల్లే మింగించేది.

"నోరు తెరువు," అనేవాడు దుకాణం మాస్టారు. "నాలిక కింద నా గుండీలేమన్నా దాచావా?"

పాప నోరంతా తెరిచి చూపించేది.

మూడో నెలలో పొట్టు తగ్గింది. అయిదో నెలకి మడతలు నున్నబడ్డాయి. తల్లి బ్లేడుతో చొక్కాల చేతుల చివర్లు విప్పేసింది.

అప్పుడు గౌను దింపారు. అది పాప చంకల దగ్గరే ఆగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగబట్టి లాక్కుంది.

"పడుతుందమ్మా. ఊపిరి పీల్చకపోతే పడుతుంది."

తల్లి కుట్టు తిరగేసి చూసింది. విప్పడానికి లోపల ఏమీ లేదు.

మంచం మీద కూర్చున్న అత్తగారు కళ్లజోడు సర్దుకుని గౌనుకేసి చూసింది.

"కుట్టినప్పుడే ఒకసారి తొడగాల్సిందమ్మా. మంచి గుడ్డ. దండగైపోయింది."