ఇంటాయన ఊపిరి

జూరాకాన్ పొద్దున్నే లేచి ముందు తన ఊపిర్లు ఊడ్చుకుంటుంది. రాత్రంతా నిద్రలో వదిలినవి దూదిపింజల్లా దిండు చుట్టూ నిలబడి ఉంటాయి. వాటిని చీపురుతో కిటికీ దాకా తోలి బయటికి నెట్టేస్తుంది. చలి కొంపలో ఊపిరి కరగదు, వదిలినచోటే నిలుస్తుంది. బిష్కెక్‌లో అద్దెకున్నవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

గది లోపలి మూల, తల్లి మంచం మీద వేలాడేవాటి జోలికి మాత్రం ఆ చీపురు పోదు. అవి తల్లి బాత్మాకాన్ ముసలమ్మ చివరి వారంలో వదిలినవి. వాటికి వేడి తగలకూడదని జూరాకాన్ వంటింటి తలుపు మూసుకుని అక్కడే వండుకుని, అక్కడే తిని వస్తుంది.

అక్టోబరులో వాటా అద్దెకిచ్చిన ఇంటాయన కదిర్‌కుల్ వచ్చి, కిటికీ కింది ఇనప హీటరు కారుతోందని కోయించి పట్టుకుపోయాడు. కొత్తది వారంలో బిగిస్తానన్నాడు. బిల్డింగంతా వేడినీళ్ల గొట్టాలతో కుతకుతలాడుతుంటే ఈ ఒక్క వాటాలో గొట్టాలకు బిరడాలు. చలి కాచుకోడానికి కరెంటు పొయ్యి పెడితే ఫ్యూజు పోతుంది. ఫోన్ చేస్తే "రేపక్కా" అనేవాడు. ఆ రేపు రాకుండానే జనవరిలో తల్లి పోయింది. అద్దె వసూలుకు మాత్రం ఆయనగారికి ఏ చలీ అడ్డం రాలేదు.

మరమ్మతు ఆలస్యానికి పరిహారం కావాలని జూరాకాన్ కోర్టుకెక్కింది. ఇల్లు వెచ్చగానే ఉందనీ, ముసలామె వయసు మీరి పోయిందనీ కదిర్‌కుల్ జవాబు. చూసి రమ్మని కోర్టు సైరా అనే ఉద్యోగినిని పంపింది. వెచ్చటి ఇంట్లో ఊపిరి నిలవదు గదా. మంచం మీదున్నవే జూరాకాన్‌కు సాక్ష్యం. అమ్మ కూడా అవే.

సైరా వచ్చింది, వెనకే కదిర్‌కుల్. చావు జరిగిన ఇంట్లో కాలుపెట్టినవాళ్లు రొట్టె తుంచకుండా, టీ తాగకుండా ఏ పనీ మొదలెట్టరు. కూర్చోబెట్టేది కూడా పెద్దపీట మీదే, అంటే తలుపుకు దూరంగా లోపలి మూలన, ఆ మంచం పక్కనే. జూరాకాన్ బుర్ర పనిచేసేలోగా చేతులు వంటింట్లో కాగిన కెటిల్ అందుకున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ వాటికదే అలవాటు.

టీ గిన్నె నిండా పోస్తే తాగి దయచెయ్యమని అర్థం. సగం పోస్తే మర్యాద, ఖాళీ అవగానే మళ్లీ పొయ్యాలి. కదిర్‌కుల్‌కు అంచుదాకా పోసి ముందర పెడదామని ఆమెకు చెయ్యి దురద పెట్టింది. పెంపకం ఒప్పుకోలేదు. సగమే పోసింది. మళ్లీ సగం. మళ్లీ. పోసినప్పుడల్లా ఆవిరి లేచింది.

"మీ అమ్మ చేతి రొట్టె తిన్నవాణ్ణి, నేనేమన్నా పరాయివాణ్ణా అక్కా?" అన్నాడు కదిర్‌కుల్.

"కాదులే తమ్ముడూ. పరాయివాడైతే ఒకసారన్నా వచ్చి చూసేవాడు."

సైరా గిన్నె చాపింది. "వేళ్లు కొంకర్లు పోతున్నాయమ్మా, ఇంకాస్త పొయ్యి."

ఆ గిన్నెలో పైనుంచి ఒక చుక్క పడింది. జూరాకాన్ తలెత్తింది. మంచం మీద ఏమీ లేదు. దుప్పటి తడిసి ఉంది. కెటిల్ ఇంకా తన చేతిలోనే ఉంది. తల్లిని రెండోసారి తానే, ఎంతో మర్యాదగా సాగనంపింది.

కెటిల్ చల్లారింది, గది మళ్లీ చలికి బిగుసుకుంది.

కదిర్‌కుల్ మీసం తుడుచుకున్నాడు. "చూశారా మేడమ్, ఇక్కడేముంది? ఇల్లు వెచ్చగా ఉందని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

ఆ మాటలతో వచ్చిన ఊపిర్లు అతని మీసం ముందే నిలబడిపోయాయి, మాటకొకటి చొప్పున. చేత్తో చెదరగొట్టబోతే పక్కకు జరిగాయే గాని కరగలేదు.

సైరా కళ్లజోడు పెట్టుకుని వాటిని పరకాయించి చూసి రాసుకుంది. "వీటిని ఉంచమ్మా. జడ్జిగారు స్వయంగా చూడాలి. అందాకా ఈ గదిలోకి వేడి రానివ్వకు."

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేను. మీకంటే ముందు చాలామంది ఉన్నారు."

తల్లి ఊపిరి లేని గదిలో ఇక వాడి ఊపిరికి కాపలా. ఉమ్మెయ్యాల్సినదాన్ని జూరాకాన్ కంటికి రెప్పలా కాచుకుంటూ కూర్చుంది.

మర్నాడే కదిర్‌కుల్ ఇద్దరు పనివాళ్లతో మెట్లెక్కి వచ్చాడు. వాళ్ల భుజాల మీద తెల్లగా మెరుస్తున్న కొత్త హీటరు.

"తలుపు తియ్యక్కా. ఒక్క గంట పని. ఈ పూటే గది వెచ్చబడుతుంది."

శీతాకాలమంతా ఈ ముక్క కోసమే చెవులు కోసుకుంది. తలుపు సందులోంచి ఆ హీటరు వంక చాలాసేపు చూసింది. గొలుసు మీదున్న ఆమె వేళ్లు నీలంగా ఉన్నాయి.

"వద్దు."

"చలికి చస్తావక్కా."

"చస్తే చస్తాను. నీ ఊపిరి మాత్రం పోనివ్వను తమ్ముడూ."

తలుపు మూసి గడియ పెట్టింది. వెనక్కి తిరిగేసరికి గదిలోకి ఎండ పొడ దిగుతోంది, నేల మీద వాడి ఊపిర్లున్న మూలకేసి పాకుతోంది. జూరాకాన్ ఒంటి మీది కోటు విప్పి, కిటికీకి అడ్డంగా కట్టింది.