మూడు గంటల సైరన్

గోదావరి పొంగి మంథని దాకా ముంచిన పెద్ద వరదకు అది మూడో ఏడు.

బొగ్గుగని ఉద్యోగం నుంచి దిగిపోయాక తీతుకు కాలేజీ డాబా మీద ఒక పని కుదిరింది. రోజూ మూడింటికి చేతిలో పట్టేంత యంత్రాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టి, అందులో పడిన అంకెనూ ఆ వేళనూ పుస్తకంలో రాయాలి. ఆ రెంటినీ బట్టి పైన ఓజోన్ పొర ఎంత మందమో లెక్కగడతారు. ఏళ్ల తరబడి ఉపగ్రహం చెబుతున్నది నిజమో కాదో దాంతో సరిచూస్తారు. మూడో తరగతితో బడి మానేసిన తీతు పదిహేనేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు. మబ్బు పట్టిన రోజున 'మబ్బు' అని రాసేవాడు.

లెక్కలు సరిచూసే ఎవాంజెలిన్ ఆ రోజు హైదరాబాద్ నుంచి వచ్చింది. పుస్తకం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని చాలాసేపు చూసి నిట్టూర్చింది.

"తీతు కాకా, వరద దాకా నీ అంకెలు, ఉపగ్రహం అంకెలు ఒక్క తీరుగ ఉన్నయి. ఆ తర్వాత ఉపగ్రహమే ఎక్కువ చూపెడుతున్నది. ముసలిదైంది గదా, చూపు మందగించినట్టున్నది. దాన్ని నమ్మొద్దని రేపు రాసి పంపుత."

"నాకన్న ముసల్దా?"

"నీకన్న కాదులే!"

తీతు నవ్వలేదు. మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి, గేటు ముందు చాయ్ బండి దగ్గర కూలబడ్డాడు. వరద తర్వాత ఏం మారింది? గనిలో మూడింటికి షిఫ్టు దిగే సైరన్ కొట్టే లింగమూర్తి అక్కడే చాయ్ ఊదుకుంటున్నాడు.

"లింగమూర్తీ, సైరన్ టైముకే కొడుతున్నవా?"

"నీకేం డ్యూటీ ఉన్నదే అన్నా, సైరన్ ఫికర్ పట్టుకున్నది? వరదకు రోడ్డు కోసుకపోయినకాన్నుంచి బస్సు జల్ది పోతున్నది. మావోళ్లకు అందాలెనని పది నిమిషాలు ముందే కొడుతున్న. ఒక్కోనాడు పదిహేను."

"ఏనాడు ఎంత?"

"గదెవడు రాసిపెడ్తడే!"

తీతు చాయ్ సగంలోనే వదిలేశాడు. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వినవాడికి గడియారం ఆగుతుంది గానీ సైరన్ ఆగదు. డాబా మీది గోడ గడియారాన్ని అతను ఏనాడూ చూసినవాడు కాదు. సైరన్ మోగగానే యంత్రం పట్టేవాడు, 'మూడు' అని రాసేవాడు.

చెబితే మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. పని కూడా పోవచ్చు. చెప్పకపోతే తన తప్పు ఆ ఉపగ్రహం మోస్తుంది. మళ్లీ మెట్లెక్కాడు. ఎప్పుడూ లేనంత ఎత్తున్నాయి.

"చూపు మందగించింది దానికి కాదు బిడ్డా. నేను గడియారం చూడలే. సైరన్ విని రాసిన. అది ముందుగాల మోగుతున్నదట."

ఎవాంజెలిన్ పుస్తకాన్ని వరద నాటి పేజీ దాకా వెనక్కి తిప్పింది.

"పది నిమిషాలకే పొద్దు వాలు మారుతది కాకా. ఏనాడు ఎంతో తెల్వకపోతే దిద్దరాదు. మూడేండ్లవి తీసెయ్యాలె."

"తీసెయ్."

"పెద్దసార్లు నిన్ను ఉంచుతరో లేదో చెప్పలేను."

"నేనడగలే గదా."

మరునాడు పొద్దున్నే తీతు డాబా ఎక్కి పుస్తకం తెరిచాడు. వరద నుంచి మొదలుపెట్టి, 'మూడు' అని ఉన్న ప్రతి పేజీ అడుగునా వంకర అక్షరాలతో రాసుకుంటూ పోయాడు: సైరన్ టైం. గడియారం చూడలే.