అబుందియో గ్లౌజులో గూడు

అబుందియో బతికున్నన్నాళ్ళూ ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. అతను ఆ పదవిలో ఉన్నన్నాళ్ళూ అవతలి జట్లవాళ్ళు మహా సంతోషంగా ఉండేవాళ్ళు. ఒక్క బంతి పట్టిన పాపాన పోలేదు మహానుభావుడు. ఓడిన ప్రతిసారీ ఎండని తిట్టి, గాలిని తిట్టి, రిఫరీ తాతముత్తాతలందర్నీ పేరుపేరునా తలుచుకుని, తిన్నగా వీధి చివర పుల్కే కల్లు దుకాణానికి పోయేవాడు. అలాంటివాడు ఒకరోజు ఆ దుకాణం అరుగు మీదే గుండె ఆగి పోయాడు. వాళ్ళమ్మ కాస్తులా అతని గ్లౌజులు రెండూ తన చేత్తో ఉతికి, పెరటి మధ్యలో బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసింది. ఆరేసినవి ఆరేసినట్టే రెండేళ్ళుగా ఉన్నాయి. తీస్తే కొడుకు నిజంగా పోయినట్టేనని ఆవిడ బాధ. కోడలు హెర్మెలిందా అందుకే ఆ గ్లౌజుల జోలికి పోకుండా తీగ మిగతా సగం మీద బట్టలు ఆరేసుకునేది.

ఎండకి గట్టిపడి, బొటనవేళ్ళు రెండూ పక్కకి నిక్కబొడుచుకుని ఉన్న ఆ గ్లౌజుల్లో ఒకదాని మీద ఏప్రిల్‌లో కోలిబ్రీ గూడు కట్టింది. కోలిబ్రీ అంటే హమ్మింగ్‌బర్డ్. గాల్లో నిలబడి పువ్వులో ముక్కు పెట్టి తేనె జుర్రుకునే బొటనవేలంత పిట్ట. సాలెగూటి దారాలు తెచ్చి, దూది తెచ్చి, నాచు తెచ్చి, సరిగ్గా వేలికీ అరచేతికీ మధ్య సందులో ఇరికించి, నిమ్మకాయ చెక్కంత గూడు అల్లుకుంది. పోయినవాళ్ళకి ఇంటివాళ్ళని చూడాలనిపిస్తే కోలిబ్రీ అయి వస్తారని వాళ్ళుండే అట్లిస్కో ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. వచ్చినవాళ్ళు ఓసారి చూసి వెళ్ళిపోతారు. ఇలా వచ్చి తిష్ట వెయ్యడం మాత్రం ఎవరూ విని ఉండలేదు.

"వచ్చాడే!" అని కాస్తులా పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "నా అబుందియో వచ్చాడే! ఊళ్ళో ఇన్ని చెట్లుండగా వాడి గ్లౌజే ఎందుకు కావాల్సొచ్చింది? చెప్పు! నీ పెళ్ళి ఆపడానికి వచ్చాడు."

హెర్మెలిందాకి ఉన్న చిక్కంతా ఆ పెళ్ళిదే. ఇద్దరు కొడుకులూ పెళ్ళిళ్ళు చేసుకుని ప్యూబ్లా నగరంలో మెకానిక్కులుగా స్థిరపడ్డారు. యాభై నాలుగేళ్ళ వయసులో ఆమెని చూసి ఇష్టపడ్డ మనిషి ఒకడు దొరికాడు. పేరు నిసెఫొరో. బ్యాండు మేళంలో ట్యూబా ఊదుతాడు. ఒంటికి కొండచిలువలా చుట్టుకుని, తల మీద పెద్ద పళ్ళెంలా తెరుచుకునే ఆ ఇత్తడి బూరా అతని పొట్టకి సరిగ్గా సరిపోతుంది. మనిషి నిదానం, ఇంటికొస్తే చెప్పులు వరసగా పెడతాడు, తిన్న గిన్నె తనే కడుగుతాడు. హెర్మెలిందాకి అతనంటే పిచ్చి ఇష్టం. కానీ అత్త దీవించకుండా పెళ్ళి చేసుకోవడం ఆమె వల్ల కాదు. ముప్ఫై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, మొక్కజొన్న పిండి ఆకుల్లో పెట్టి తమాలేలు చుట్టిన అత్తాకోడళ్ళు వాళ్ళు. ఆ ముసలావిడ నోరు పెద్దదే గానీ, కోడలు పురిటి నొప్పులు పడుతుంటే రెండుసార్లూ చెయ్యి వదలకుండా పట్టుకున్నది కూడా ఆవిడే.

"ఆ బూరావాడు ఇక నా పెరట్లో అడుగు పెట్టడానికి వీల్లేదు" అంది కాస్తులా. "నా కొడుకు శవం వెనక ఊదాడు, సరే, డబ్బులిచ్చాం కాబట్టి ఊదాడనుకున్నా. ఇప్పుడు నా కోడలి వెనక ఊదుతున్నాడు. ఏం, మా ఇల్లు తప్ప వేరే ఇల్లు లేదా వాడికి ఊదడానికి?"

ఆ రోజు నించి నిసెఫొరో గేటు అవతలే. పని నించి వస్తూ బూరా భుజానేసుకుని కాసేపు నిలబడి, "అబుందియో గారు బాగున్నారా?" అని గొంతు తగ్గించి అడిగి వెళ్ళేవాడు. పెరట్లో గట్టిగా దగ్గడానికి లేదు, రోట్లో మిరపకాయలు నూరడానికి లేదు. కాస్తులా మాత్రం పొద్దస్తమానం పిట్టతో మాట్లాడేది. "ఒరే నాన్నా, ఈ బూరావాడు నీకు ఇష్టమేనా?" అని అడిగేది. పిట్ట తేనె కోసం తుర్రున ఎగిరిపోయేది. "చూశావా! కోపమొచ్చింది వాడికి" అనేది. పిట్ట తిరిగొచ్చి గూట్లో కూర్చునేది. "చూశావా! కదలడు. మొండివాడు, వాళ్ళ నాన్న పోలిక" అనేది. పాపం ఆ పిట్ట ఏం చేసినా ఆవిడ మాటకే సాక్ష్యం అయ్యేది.

ఒకరోజు పిట్ట బయటికి పోయినప్పుడు హెర్మెలిందా ముక్కాలి పీట ఎక్కి, చేతి అద్దం గూటిపైన పట్టి చూసింది. చూసి, పీట మీద నించి పడబోయి తీగని పట్టుకోబోయి, మళ్ళీ అదెక్కడ ఊగుతుందోనని గాలినే పట్టుకుని ఎలాగో దిగింది.

"అత్తయ్యా."

"ఏంటే?"

"మీ అబ్బాయి గుడ్లు పెట్టాడు."

కాస్తులా గూటివంక చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. చిక్కుడు గింజల్లాంటి గుడ్లు రెండు. హెర్మెలిందా నవ్వాపుకోవడానికి కొంగు లేదు గనక ఏప్రన్ చివర నోట్లో కుక్కుకుంది.

"పెట్టనీ" అంది కాస్తులా చివరికి. "పైన ఏ పని చెప్తే అది చెయ్యాలి. అక్కడ మన ఇష్టమా? ఇక్కడ ఒక్క పనీ చెయ్యలేదని దేవుడు ఇలా చేయిస్తున్నాడేమో."

గుడ్లు పెట్టాక ఆవిడ కాపలా ఇంకా పెరిగిపోయింది. కొడుకంటే కొడుకు, ఇప్పుడు మనవలు కూడా! పక్కింటి పెట్రొనీలా పిల్లి గోడ మీద కనిపిస్తే ఆవిడ కాలి చెప్పు గాల్లోకి లేచేది. పిల్లికి ఒక్కసారీ తగల్లేదు, పెట్రొనీలాకి రెండుసార్లు తగిలింది. తీగ మీద చీమలు బారు కడుతున్నాయని రెండు చివర్లా పందికొవ్వు రాయించింది. ఆ వాసనకి వీధి కుక్కలన్నీ గేటు దగ్గర చేరి తీగవంక భక్తిగా చూస్తూ కూర్చున్నాయి. నిసెఫొరో వాటి మధ్యే నిలబడి, తన ట్యూబాతో సహా, వాటికంటే భక్తిగా చూసేవాడు. హెర్మెలిందా చెయ్యి ఊపేది. అతను ఊపేవాడు. కుక్కలు తోకలు ఊపేవి.

వీటన్నిటికంటే కాస్తులాకి ఒళ్ళుమండిన శత్రువు ఇంకొకటుంది. వరండా చూరుకి పంచదార నీళ్ళ సీసా ఒకటి వేలాడుతుంది, పిట్టలకోసం. దాని దగ్గరికి ఇంకో కోలిబ్రీ రావడం మొదలైంది. నీలం గొంతు, ఎర్ర ముక్కు. వచ్చి ఛాతీ విరుచుకుని సీసా మీద కూర్చునేది. తేనెటీగ వస్తే తరిమేది, సీతాకోకచిలుక వస్తే తరిమేది, పాపం గూటి పిట్ట గుక్కెడు తాగిపోదామని వస్తే దాన్నీ తరిమేది. తరిమి తరిమి, అలసిపోయి, సీసా సగం తనే ఖాళీ చేసి పోయేది.

"థూ, రౌడీ వెధవా!" అని కాస్తులా చెప్పు విసిరేది. "అది పొద్దున్నించీ గుడ్ల మీద కూర్చుని చస్తోంటే దాన్ని తాగనివ్వవా? ఎర్రముక్కు తాగుబోతా! ఏ తల్లి కన్నదిరా నిన్ను!"

గూటి పిట్టని ఆవిడ 'వాడు' అనడం మానేసి 'అది' అందని హెర్మెలిందా గమనించింది గానీ, గమనించనట్టు ఊరుకుంది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. ఎండుద్రాక్షలకి ముక్కులు పెట్టినట్టున్న రెండు పిల్లలు. తల్లి పొద్దున లేచింది మొదలు పూలకీ గూటికీ మధ్య తిరుగుతూనే ఉంది. కాస్తులా అన్నం తింటూ కూడా దాన్నే చూసేది. "ఒక్క క్షణం కూర్చోదేంటే ఇది?" అనేది. "ఒంటరిగా ఎంతకని చేస్తుంది?" అని తనలో తను గొణుక్కునేది. నిసెఫొరో మాట మాత్రం ఎత్తనిచ్చేది కాదు. మేళం వాళ్ళు జూన్‌లో ఉత్తరాదికి పెద్ద ఒప్పందం మీద వెళ్తున్నారు, ఏడాది దాకా రారు. అప్పటిలోగా పెళ్ళి కాకపోతే అతను వెళ్ళాల్సిందే. హెర్మెలిందా ఆ మాట అత్తకి చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, తమాలేల్లో ఉప్పు రెండుసార్లు వేసింది.

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం ఊరికి ఎగువనున్న అగ్నిపర్వతం వైపు ఆకాశం నల్లగా కమ్మేసింది. చూస్తుండగానే వడగళ్ళు మొదలయ్యాయి. మొదట శనగల్లా, తర్వాత ఉసిరికాయల్లా. హెర్మెలిందా ఒక ప్లాస్టిక్ టబ్బు నెత్తిన బోర్లించుకుని పెరట్లోకి పరిగెత్తింది. గూడు మీద టబ్బు పట్టబోయింది, కానీ మనిషి పొట్టి. పీట ఎక్కితే కాలు జారుతోంది. టబ్బు అంచు తగిలి తీగ ఊగింది.

"కదల్చకే! కదిలితే పిల్లలు పడిపోతాయే!" అని వరండాలోంచి కాస్తులా కేకలు.

అప్పుడు గేటు దగ్గర నించి ఒక గొంతు వినబడింది. నిసెఫొరో. ఎవరిదో అంత్యక్రియల నించి తిరిగొస్తున్నాడు. నల్ల కోటు, నెత్తి మీద వడగళ్ళు టపటపా. కుక్కలు కూడా పారిపోయాయి, అతను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు.

"అమ్మగారూ! లోపలికి రావచ్చాండీ?"

కాస్తులా నోరు తెరుచుకుని చూసింది. "ఇప్పుడు అడుగుతావేంట్రా, సన్నాసీ! రా! పరిగెత్తు!"

నిసెఫొరో పరిగెత్తాడు. వస్తూ వస్తూనే ట్యూబా పైభాగం, ఆ పళ్ళెం లాంటి మూతి, మరలు తిప్పి ఊడదీశాడు. దాన్ని బోర్లించి రెండు చేతులా గూడుపైన గొడుగులా పట్టాడు. వడగళ్ళు ఇత్తడి మీద పడి చేసిన మోతకి వీధి వీధంతా ఎవరింట్లోనో పెళ్ళి మొదలైందనుకుంది. కానీ బూరాకి పైన గొట్టం ఉంది కదా, అందులోంచి నీళ్ళు సన్నగా గూట్లోకే కారుతున్నాయి.

"హెర్మెలిందా, నా సాక్సు!"

"ఏంటీ?"

"నా సాక్సు ఊడబీకి ఆ బెజ్జంలో కుక్కు! నాకు చేతులు లేవు!"

ఆమె వంగి, అతని బూటు లాగి, తడి సాక్సు ఊడబీకి, పీట ఎక్కి గొట్టంలో కుక్కింది. నీళ్ళు ఆగాయి. అతను ఒంటికాలి బూటుతో, వీపు మీద ఉసిరికాయలంత వడగళ్ళు పడుతుంటే, కదలకుండా నిలబడ్డాడు. ఆ ఇత్తడి గొడుగు కింద పిట్ట రెక్కలు రెండూ పరిచి పిల్లల్ని కప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎగిరిపోయే వీలుండీ పోలేదు.

కాస్తులా అది చూసింది. అలా చూస్తుండగా తల పక్కన ఏదో చప్పుడైంది. తల తిప్పింది. వరండా చూరు కింద, ఒక్క చుక్క తడి తగలని చోట, పంచదార నీళ్ళ సీసా మీద ఆ నీలం గొంతు, ఎర్ర ముక్కు. ఛాతీ విరుచుకుని, అటు పిల్లలు కొట్టుకుపోతున్నా పట్టనట్టు, తీరిగ్గా తాగుతోంది. మధ్యలో ఆగి వడగళ్ళని తిడుతున్నట్టు టిక్కు టిక్కుమంది. మళ్ళీ తాగింది.

కాస్తులా చెప్పు తీసింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

వాన తగ్గింది. నిసెఫొరో చేతులు మాత్రం దింపలేదు. హెర్మెలిందా తడిసి ముద్దై వరండాలోకి వచ్చేసరికి అత్త చెప్పు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏమైందత్తయ్యా? పిల్లలు బాగానే ఉన్నాయి."

"అదుగో" అని సీసా వైపు వేలు చూపించింది కాస్తులా. "వాడే. అబుందియో."

హెర్మెలిందా తిరిగి చూసింది.

"ఆ నిలబడే తీరు చూడవే. ఆ ముక్కు చూడు. ఇల్లు మునిగినా గ్లాసు దించడు. ఏ తల్లి కన్నదిరా అని నెల రోజుల్నించి తిట్టిపోస్తున్నానే! నేనేనే ఆ తల్లిని."

హెర్మెలిందాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మరి గూట్లో ఉన్నదెవరత్తయ్యా?"

"ఎవరేంటే పిచ్చిదానా? నువ్వే. నా మనవలిద్దర్నీ అలాగే కదే పెంచావు. నేను పక్కనే కూర్చుని, కొడుకని వాణ్ణే వెనకేసుకొచ్చాను." చెంగు లేదు కదా, ఆవిడా కోడలి ఏప్రన్‌తోనే ముక్కు తుడుచుకుంది. తర్వాత పెరట్లోకి తిరిగి గట్టిగా అరిచింది. "ఒరే బూరాబ్బాయ్! వాన ఎప్పుడో ఆగింది, దించు! కాళ్ళు కడుక్కుని లోపలికి రా, నీకు వేడి వేడి అతోలే జావ పోస్తుంది మా అమ్మాయి. ఆ రెండో సాక్సు కూడా విప్పు, జలుబు చేస్తుంది!"

పిల్లలు ఎగిరిపోయే దాకా పెళ్ళి ముహూర్తం పెట్టనివ్వలేదు కాస్తులా. రెండోది ఎగరడానికి భయపడి ఇంకో రోజు తీసుకుంటే, మేళం వాళ్ళకి కబురంపి మరీ వాళ్ళ ప్రయాణం ఆపించింది. పెళ్ళి పెరట్లోనే జరిగింది. నిసెఫొరో మేళం ఉత్తరాదికి వేరే ట్యూబావాణ్ణి వెతుక్కుంది. పందిరి వెయ్యడానికి గ్లౌజులు అడ్డొస్తున్నాయని పెట్రొనీలా తీసెయ్యబోతే నిసెఫొరో వద్దన్నాడు. "ఉండనీయండమ్మా. వచ్చే ఏడు మళ్ళీ కావాలి దానికి. అబుందియో గారి చేతిలో పడి కిందపడకుండా నిలిచినవి ఆ పిట్టపిల్లలే కదా." కాస్తులా అతన్ని కొరకొరా చూసి, ఆపుకోలేక ముందుగా తనే నవ్వింది.

విందు మధ్యలో, అందరూ మోలే కూర తింటూ ఉండగా, ఎర్రముక్కు పిట్ట వచ్చింది. సీసా ఖాళీగా ఉంది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఛాతీ విరిచి, గాల్లో నిలబడి ఇంటివాళ్ళని గదమాయించింది. హెర్మెలిందా అత్తవైపు చూసింది, చెప్పు ఎప్పుడు లేస్తుందా అని. కాస్తులా చేతికర్ర ఊనుకుని లేచింది. వంటింట్లోంచి చెంబుతో పంచదార నీళ్ళు తెచ్చి, సీసా నిండా పోసింది.

"తాగు నాన్నా" అంది. "కడుపునిండా తాగి పో. ఇక్కడ పెళ్ళి జరుగుతోంది, గొడవ చెయ్యకు."