తొందరపడిన గొంతు

ఓడెల్ పెట్‌వే పెడల్ తొక్కగానే ఇస్త్రీ ప్రెస్సు మూత బుస్సుమంటూ దిగింది. ఆవిరి కళ్ళద్దాలను కమ్మేసింది. అద్దాలు తుడుచుకోకుండానే మనసులో ఎనిమిది లెక్కపెట్టి మూత ఎత్తాడు. చర్చి గాయకుల అంగీలు, ముదురు ఎరుపువి. రేపు ఆదివారం. ఒంటిగంటకల్లా అన్నీ హ్యాంగర్లకెక్కాలి.

అరవై ఏడేళ్ళ మనిషి. ఆరడుగులకు పైన ఎత్తున్నా, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ప్రెస్సు మీదికి వంగి వంగి, ఇప్పుడు నిటారుగా నిలబడినా వంగినట్టే కనిపిస్తాడు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. పెళ్ళాం పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లల్లేరు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మాట్లాడినప్పుడు మాత్రం కౌంటరు మీది గుండీల డబ్బా కదులుతుందని లాండ్రీ దుకాణం యజమానురాలు ఆర్నెటా ఎగతాళి చేస్తుంది.

"అదిగో, వచ్చింది మీ పాట!" అంటూ ఆవిడ రేడియో పెంచింది. డెట్రాయిట్‌లో శనివారం పొద్దున పాత పాటలు వేస్తారు. "ఇంకాసేపట్లో ఆగలేక దూకేస్తావు చూడు, బస్సు తప్పిపోతున్నట్టు!"

"కట్టేయండి, మిస్ ఆర్నెటా."

"కట్టను గాక కట్టను. నీ తప్పుకి ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను తప్పు చేస్తే కాలిన చొక్కాకి బదులు కొత్తది కొనివ్వాల్సి వచ్చింది."

ఓడెల్ నవ్వలేదు. పాట పేరు 'వరండా దీపం'. పంతొమ్మిదివందల అరవై నాలుగులో ఎల్మ్‌హర్స్ట్ వీధి కుర్రాళ్ళు నలుగురు ఒకే మైకు చుట్టూ నిలబడి పాడారు. మంద్రం పాడేవాడి గొంతు మిగతావాటిని మింగేస్తుందని ఓడెల్‌ని ఒకడుగు వెనక్కి నిలబెట్టారు. రెండో చరణం చివర లెమ్ టాలివర్ ఒక పై స్వరం పట్టుకుని, దాన్ని సన్నగా చేసుకుంటూ, గాలిలో కలిసిపోయేదాకా తీసుకెళ్ళాలి. అది పూర్తయ్యాక ఓడెల్ తన మూడు లోతు స్వరాలు వేయాలి. ఓడెల్ కంగారుపడి ముందే అందుకున్నాడు. లెమ్ స్వరం సగంలో తెగిపోయింది. స్టూడియోలో వాళ్ళకిచ్చిన సమయం అయిపోయింది. తెగినచోటే బాగుందని రికార్డు కంపెనీ పెద్దలు అలాగే విడుదల చేశారు. జనానికీ అదే నచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు, ఊరూరా, ప్రతి రాత్రీ ఆ తప్పు అలాగే చేయాల్సి వచ్చింది. ప్రతి రాత్రీ లెమ్ గొంతును ఓడెల్ తొక్కాడు, ప్రతి రాత్రీ చప్పట్లు మోగాయి. చప్పట్లు పడుతుంటే ఎవడైనా క్షమాపణ అడుగుతాడా? ఓడెల్ అడగలేదు. బృందం విడిపోయాక లెమ్ అతనితో మాటే మానేశాడు. మిగతా ఇద్దరూ ఏనాడో పోయారు.

అలాంటి లెమ్ మంగళవారం ఫోన్ చేశాడు. "చచ్చిపోతున్నానురా ఓడెల్. ఊపిరితిత్తులు. కంగారుపడకు, ఇవాళ కాదులే. శనివారం రా. ఆ స్వరం ఒక్కసారి చివరిదాకా పాడుకోవాలి, నువ్వు అడ్డం పడకుండా."

అప్పటినుంచి ప్రతి అంగీకీ ఎనిమిది లెక్కపెడుతున్నాడు. లెమ్ స్వరం పొడవు ఎనిమిది. అయిదుకే నాలుక ఎగబడుతోంది.

పని ముగించుకుని, రెండు బస్సులు మారి లెమ్ దగ్గరికి వెళ్ళాడు. ముసలివాళ్ళని ఉంచే ఆ ఆశ్రమంలో గదికి ఇద్దరు, పక్క మంచం మాత్రం ఖాళీ. ఒకప్పుడు ఆడపిల్లలు రైలింగులు విరగ్గొట్టి ఎగబడిన లెమ్ దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం.

"లావయ్యావురా," అన్నాడు లెమ్.

"నువ్వు చిక్కిపోయావు."

"నేను చస్తున్నాను కాబట్టి చిక్కాను. నీకేం రోగం?"

ఓడెల్‌కి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేశాడు. లెమ్ మంచం పక్క కిటికీ గట్టు మీది గిన్నెలోంచి పళ్ళ సెట్టు తీసి నోట్లో పెట్టుకున్నాడు. బోసినోటితో పాడే అలవాటు లేదట. ఓడెల్ కుర్చీలోంచి లేచి, ఎవరూ చెప్పకుండానే మంచానికి ఒకడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

లెమ్ అందుకున్నాడు. గొంతులో గరగర, అయినా శ్రుతి చెక్కుచెదరలేదు. పై స్వరం పట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు... ఓడెల్ గొంతు తనంతట తనే దూకేసింది.

లెమ్ దగ్గుతూ నవ్వాడు. "ముప్పై తొమ్మిదేళ్ళురా! నేను పోయేలోపైనా ఓ ఎనిమిది క్షణాలు నోరు మూసుకోలేవా?"

"నన్ను క్షమించు లెమ్. అప్పుడే అడగాల్సింది."

"అడుగుదువుగాని. ముందు పాట కానీ."

ఈసారి ఓడెల్ తన నోటికి తానే అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లెమ్ పట్టిన స్వరం అయిదు దాటింది, ఆరు దాటింది. సన్నబడింది. అది ఇంత బాగుంటుందని ఓడెల్ ఏనాడూ ఎరగడు. దాన్ని ఎవరూ చివరిదాకా విననేలేదు, పాడినవాడు కూడా. ఎనిమిది దగ్గర ఊపిరిలో కలిసిపోయింది. ఓడెల్ చెయ్యి తీయడం మరిచిపోయాడు.

లెమ్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. "ఇప్పుడు అందుకోవాలిరా," అన్నాడు మెల్లగా.

ఓడెల్ అందుకున్నాడు. మూడు స్వరాలూ ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, నేలకు దించాడు. మెచ్చుకుంటాడేమో, తిడతాడేమో అని ఎదురుచూశాడు. లెమ్ నిద్రపోయాడనుకుని కుర్చీలో కూర్చున్నాడు. వెలుతురు గోడ మీదినుంచి నేల మీదికి దిగింది. నాలుగున్నరకు నర్సు మందులతో వచ్చి, లెమ్ మణికట్టు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

"మీరు ఆయనకి ఏమవుతారండీ?" అని అడిగింది.

"వెనక నిలబడేవాణ్ణి," అన్నాడు ఓడెల్.

ఇక నలుగురిలో మిగిలింది తనొక్కడే. తన మూడు స్వరాలు విడిగా పాడితే అదొక పాటని కూడా ఎవరికీ తెలియదు. దుప్పటి అంచు సరిచేశాడు, నర్సు చెప్పినచోట సంతకం పెట్టాడు, టోపీ పెట్టుకుని బస్సుకి బయల్దేరాడు.

కిటికీ గట్టు మీద, టాలివర్ అని తెల్ల టేపు అంటించిన పళ్ళ సెట్టు గిన్నె, సగానికి నీళ్ళతో, మూత తీసే ఉంది.