చిక్కిపోయిన భాగం

భర్తకు అన్నం పెట్టి ద్వాలి పక్కనే కాపలా కూర్చుంటుంది. ఏమరుపాటుగా ఉంటే హరిలాల్ పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టేస్తాడు. ఇంట్లో సరే, మొన్న చండ్రుగొండ అవతలి తండాలో పెదనాన్న దినానికి వెళ్లి, ఏడుస్తున్న పెద్దమ్మ ముందు పగలబడి నవ్వాడు. ఆమె చేతిలోని బెల్లం ముక్క లాక్కుని తిన్నాడు. తాగొచ్చాడనుకున్నారు తండా పెద్దలు. జన్మలో చుక్క ముట్టని మనిషిని సేవాలాల్ గుడి ముందు నిలబెట్టి, ఇక తాగనని ఒట్టు వేయించారు. అతను నవ్వుతూనే వేశాడు. సిగ్గుతో చచ్చిపోయింది మాత్రం ద్వాలి.

"ఇంట్ల ఆడమనిషి మంచిగ చూస్కుంటే మొగోడు గిట్లెందుకైతడు వదినా?" అన్నాడు మరిది మంగీలాల్.

తర్వాత ఖమ్మంలో డాక్టరు స్కాన్ రాస్తే, ఇది రోగమేమోనన్న అనుమానం వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం కూడా కలిగింది ద్వాలికి. మొదట్నుంచీ రోగమే అయితే ఎంత బాగుండు! పెళ్లయిన రెండో ఏడు కడుపు పోయి దవాఖానా మంచం మీద పడుంటే అతను, "రేపటికన్న వస్తవా? బట్టలన్నీ గట్లనే ఉన్నయ్" అన్నది రోగమే. అమ్మ పోయిన రోజు, "జల్దీ రా, నాకు వండిపెట్టేటోళ్లు లేరు" అన్నదీ రోగమే. ముప్పై ఏళ్లలో ఆమెకు ఎన్ని జ్వరాలొచ్చినా ఒక్కసారి నుదురు ముట్టి చూడని ఆ చెయ్యి కూడా పాపం రోగిష్టి చెయ్యే. ప్రేమించడం చేతకాని జబ్బు మనిషితో కాపురం చేసిందే తప్ప, తను ప్రేమకు పనికిరాని ఆడది కాదన్నమాట. స్కాన్ వచ్చేదాకా ఆ వారం రోజులూ ఆ ఆశనే పట్టుకుని గిన్నెలు తోమింది, బట్టలు ఉతికింది, అంగన్‌వాడీలో పిల్లల ముక్కులు తుడిచింది.

డాక్టరు కంప్యూటరు తెర మీద మెదడు బొమ్మ చూపించాడు. "ఇది మతిమరుపుతో మొదలయ్యే రకం కాదమ్మా. అరుదుగా వస్తుంది. ముందు భాగంలో కణాలు చచ్చిపోయి మెదడు చిక్కిపోయింది. ఎదుటివాళ్ల బాధ తెలిసేది ఇక్కడే. ఇందులో మీ తప్పేమీ లేదు."

"అవ్ సార్. మూడేండ్ల కిందటి దాంక మా అన్న బంగారం," అన్నాడు మంగీలాల్.

ద్వాలి కుర్చీలో ముందుకు జరిగింది. "ముప్పై ఏండ్ల సంది ఉన్నదేమో సార్? జర మంచిగ చూడుండ్రి."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "అంత పాతది అయ్యుండదమ్మా. మహా అయితే నాలుగైదేళ్లు. అంతకుముందు ఆయన మెదడు బాగానే ఉండి ఉంటుంది."

బాగానే ఉంది. అంటే ఎదుటివాళ్ల బాధ అతనికి తెలియనిది ఇప్పుడే. దవాఖానా మంచం దగ్గర నిలబడ్డ రోజున ఆమె బాధ అతనికి తెలుసు. తెలిసే బట్టల సంగతి అడిగాడు. పక్కన మొగుడు, మరిది కూర్చునే ఉన్నారు. అయినా తనకంటూ ఎవరూ లేరన్న సంగతి ద్వాలికి ఇంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు.

"ఇగ నౌకరి మానేసి అన్నను చూస్కో వదినా," అన్నాడు మంగీలాల్ లేస్తూ.

"మాన," అంది ద్వాలి. "నేను సెంటర్ల ఉన్నంత సేపు నీ ఇంట్ల ఉంచుకో. బంగారం లెక్క ఉన్నప్పటి మనిషిని మీరే చూసిండ్రు. నాకైతే రోగమొచ్చినంక ఏం మారలే."