మద్దయ్య ఏరిన నీలం

కోయిలకుంట్ల చుట్టుపక్కల నీలిమందు తీయడంలో మద్దయ్యను మించినవాడు లేడు. తొట్లలో నానిన ఆకురసాన్ని కూలీలు చిలుకుతుంటే, నురుగు రంగు చూసి ఇక ఆపమనేది అతనే. ఆ మాట కాస్త ముందైనా, కాస్త వెనకైనా అంతా మురుగునీళ్లే. పనితనం మీద అతనికి గర్వం ఎక్కువే, ఉండదా మరి!

జర్మనీ యుద్ధం వచ్చి పరదేశం నుంచి ఓడల్లో వచ్చే సీమరంగు ఆగిపోయిన రోజుల్లో వ్యాపారులంతా అతని గుమ్మం ముందే పడిగాపులు పడ్డారు. ఆ ఊపులో, నంద్యాల రైలుదారిలో గ్యాంగుపని చేసుకుంటున్న కొడుకు పుల్లయ్యను బతిమాలి, తిట్టి, మాన్పించి తెచ్చుకున్నాడు. ఈ విద్య తనతోనే పోకూడదని అతని తాపత్రయం. తీరా యుద్ధం ముగిసింది, ఓడలు మళ్లీ వచ్చాయి. ఆ ఏడు నీలి కోతకొచ్చినా, మందు కొనే దేవేంద్రప్ప మాత్రం ఉలకడు, పలకడు.

మద్దయ్య కొడుకును వెంటబెట్టుకుని అతని అంగడికే పోయాడు. సీమరంగు నాలుగు ఉతుకులకు వెలిసిపోతుందని, తన రంగు బట్ట చిరిగినా పోదని నలుగురిలో వాదించాడు. దేవేంద్రప్ప లేచి లోపలికి పోయి వచ్చాడు. ఒకటి మద్దయ్య మందుతో, ఒకటి సీమరంగుతో అద్దించి, పదిసార్లు ఉతికించిన రెండు నూలుపోగుల కట్టలు, చిలపలు, ముందు పెట్టాడు. ఏది మేలో అతన్నే చెప్పమన్నాడు. మేలైనదే ఇకమీదట కొంటానన్నాడు.

మద్దయ్య వాటిని ఎండలోకి తీసుకుపోయాడు. తడిపి పిండాడు, పంచె అంచుకు రుద్దాడు. ఒకటి అక్కడక్కడ పలచబడింది. రెండోది మొదలు నుంచి చివరిదాకా ఒకే నిండు నీలం. అతని మొహం విచ్చుకుంది.

"ఇది నాది. నా చేతిపని నేను గుర్తుపట్టలేనా అప్పా? ఆ ఇంకోటి యాడన్నా పారెయ్."

దేవేంద్రప్ప తలెత్తలేదు. అతనికీ బాధగానే ఉంది పాపం.

"నువ్వు పారెయ్యమనిందే నీది, మద్దయ్యా."

అంగడిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎక్కడైనా ఒక్క లోపం దొరుకుతుందేమోనని మద్దయ్య ఆ నిండు నీలం చిలపను మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. దొరకలేదు.

గ్యాంగులో తన చోటు ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశారని పుల్లయ్యకు తెలుసు. ఇంటిదారిలో తమ నీలి చేను కనబడ్డాక ఆగి, మెల్లగా అడిగాడు.

"ఇంగ నాకేం నేర్పిస్తావు నాయనా?"

పశువులు కూడా ముట్టని ఆ ఆకు చేను ఎదురుగా మద్దయ్య గట్టు మీద కూలబడి, కొడుకు ముందే ఏడ్చాడు.